అక్కను పిలుచుకొచ్చేందుకు మల్పె దాకా

బాగేపల్లి బస్టాండు పక్కన నాకొక కాఫీ హోటలు ఉంది. హైదరాబాదు రోడ్డున పోయే బస్సులూ లారీలూ అక్కడ ఆగుతాయి. ఊళ్ళు తిరిగేవాళ్ళకు కాఫీ పోయడమే గానీ నేను మాత్రం బెంగళూరు దాటి ఎరగను. అటువంటి నన్ను పడమటి సముద్రం ఒడ్డున ఉన్న మల్పెకు లాక్కుపోయినవాడు మా పెదనాయన వెంకటరమణప్ప. మా నాయన పోయినప్పటి నుంచి ఇంటికి ఆయనే పెద్ద. ఆయనా సముద్రం చూడలేదు. అయితే చూడని వాటి గురించే ఆయనకు గట్టి అభిప్రాయాలు ఉండేవి.

ప్రయాణానికి కారణం నా తోడబుట్టిన కమలక్క. ఆమె భర్త నరసింహప్ప బావ ప్రభుత్వంలో ఓవర్సీరు. చిక్కబళ్ళాపురంలో రోడ్లూ మోరీలూ కట్టించుకుంటూ ఉండేవాడు. సముద్రం వైపు జిల్లాలు మైసూరు రాష్ట్రంలో కలిసిన కొన్నేళ్ళకు ఆయనకు మల్పెకు వర్గ అయింది. బదిలీని మా వైపు కన్నడంలో మాదిరే వర్గ అంటారు. అక్కడ పడవలు ఆగే కట్ట కట్టిస్తున్నారట. అక్క బయలుదేరిన రోజు మా పెద్దమ్మ సుబ్బమ్మ, జైలుకు పంపుతున్నట్టు ఏడ్చింది.

ఆ తర్వాత రెండేళ్ళు మా ఊళ్ళో అక్క కష్టాలు పెరుగుతూ వచ్చాయి. ఒక లారీ డ్రైవరు మా హోటల్లో కూర్చొని, మల్పెలో కుక్కలు కూడా చేపలు ముట్టవనీ, వాసన రెండు మైళ్ళ ముందే ఎదురొస్తుందనీ చెప్పాడు. సాయంత్రానికల్లా అది, అక్క ముక్కుకు గుడ్డ కట్టుకొని నిద్రపోతోందన్న మాటగా మారింది. మరో వారానికి ఆమె ఎముకల గూడు అయిపోయింది. ఆమెను చూసివచ్చినవాడు ఒక్కడూ లేడు. పెదనాయన ఒక నెయ్యి డబ్బా, ఒక మూట శెనగకాయలు మోయించుకొని బెంగళూరు పోయి, తనకు తెలిసిన పెద్దమనిషిని కలిసి వచ్చాడు. బావకు తిరిగి చిక్కబళ్ళాపురానికే వర్గ చేయించే ఏర్పాటు అయిందట. బావనూ అక్కనూ ఒక మాట అడగాలని ఎవరికీ తోచలేదు.

ఈ శుభవార్త ఎవరిచేతనైనా చెప్పి పంపవచ్చు. కానీ మేలు చేసినవాడు ఎదురుగా నిలబడకపోతే దండం పెట్టేవాళ్ళు ఎవరికి పెడతారు? అక్కను ముందే వెంటబెట్టుకొని వచ్చేద్దామనీ, బావ సామాన్లతో వెనక వస్తాడనీ పెదనాయన తీర్మానించాడు. దారి హోటళ్ళలో ఏది తినొచ్చో చెప్పడానికి నన్ను రమ్మన్నాడు. పెద్దమ్మను ఎవరూ రమ్మనలేదు. ఆమె పెట్టె సర్దుకొని బస్సు దగ్గరకు వచ్చి నిలబడింది.

శెనగకాయ కోతలు అయిపోయిన చలికాలం అది. తెల్లవారుతూనే బాగేపల్లిలో బస్సెక్కాం. సామాన్లలో నిప్పట్లు, పులిహోర, శెనగపొడి, వీటితో పాటు రెండు పెద్ద ఇత్తడి కూజాల నిండా మా బావి నీళ్ళు. సముద్రపు ఊళ్ళో తాగే నీళ్ళు దొరకవని పెదనాయన వాదన. ఎండాకాలం వస్తే స్నానానికి చెంబు నీళ్ళు లెక్కపెట్టుకొనే ఊరి నుంచి, ఏడాదిలో నాలుగు నెలలు వాన ఆగని ఊరికి మేము నీళ్ళు మోసుకుపోతున్నామని అప్పుడు నాకూ తెలియదు. కండక్టరు మాత్రం కూజాలకు కూడా టికెట్టు కొట్టాలన్నాడు. పెదనాయన చిక్కబళ్ళాపురం వచ్చేదాకా అతనితో వాదించి ఓడిపోయాడు.

మధ్యాహ్నానికి ముందే బెంగళూరు చేరాం. మెజెస్టిక్ దగ్గర ఒక హోటల్లో భోజనం చేశాం. కాఫీలో చికోరీ ఎక్కువ. బాగేపల్లిలో నేను అంత వేస్తే లారీవాళ్ళు లోటా నా మీదికే విసురుతారు. అక్కడ సూటు వేసుకున్నవాళ్ళు దాన్ని కళ్ళు మూసుకొని తాగుతున్నారు.

రాత్రి శివమొగ్గ బండి ఎక్కాం. మా ఎదుట ఉడుపి వైపు ఆయన ఒకడు కూర్చున్నాడు, బెంగళూరులో హోటలు నడుపుతాడట, చెల్లెలి పెళ్ళికి పోతున్నాడు. నాదీ హోటలే అనగానే కాళ్ళు ముడుచుకొని నాకు చోటిచ్చాడు. సాంబారులో బెల్లం ఎందుకు వేస్తారని అడిగాను. మీరు ఎందుకు వెయ్యరని ఆయన అడిగాడు. తర్వాత ఆయన, మీ ఊళ్ళో చూడవలసినవి ఏమున్నాయని మర్యాదకు అడిగితే పెదనాయన అందుకొని, గుమ్మనాయకనపాళ్యం కోట ఉందనీ, గడిదం దేవుడు ఉన్నాడనీ, శెనగకాయ ఉందనీ, నంది కొండ కూడా మాదేననీ చెప్పాడు. నంది కొండ మా తాలూకాలో లేదు. అయినా పెదనాయన దాన్ని ప్రతి ప్రయాణంలోనూ వెంట తీసుకుపోతాడు.

మర్నాడు ఉదయం శివమొగ్గలో దిగి, ఇడ్లీ తిని, తీర్థహళ్ళి మీదుగా ఆగుంబె పోయే బస్సు పట్టాం. పోకతోటలు, వాటి వెనక అడవి. ఎటు చూసినా పచ్చదనమే. అంత పచ్చదనం చూస్తే మావంటి మెట్టభూముల వాళ్ళకు మొదట సంతోషం కలుగుతుంది, కాసేపటికి ఏదో అన్యాయం జరిగినట్టు అనిపిస్తుంది. ఆగుంబెలో పెద్ద బస్సు ఆగిపోయింది. కొండ దిగే ఘాటు రోడ్డు మలుపులు దానికి తిరగవు గనుక చిన్న బండ్లలోకి మారాలి. ఈ దారిన పోయేవాళ్ళకు నా సలహా ఒకటే, బండి దిగగానే పరుగెత్తి ముందు సీటు పట్టండి. వెనక సీట్లో కూర్చున్నవాడికి లోయ తప్ప ఏమీ కనపడదు.

మాకు వెనక సీటే దొరికింది. నంది కొండ ఎత్తు గురించి అప్పటిదాకా చెబుతున్న పెదనాయన మొదటి మలుపులో మాట ఆపాడు. మూడో మలుపులో నా భుజం పట్టుకున్నాడు. పెద్దమ్మ మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి, కింద కోతులు కనిపిస్తున్నాయని చెప్పింది.

పొద్దు వాలేవేళకు ఉడుపి చేరి, అక్కడి నుంచి మరో బస్సులో మల్పెకు పోయాం. వాసన సంగతి లారీ డ్రైవరు అబద్ధం చెప్పలేదు. రోడ్డు పక్కన ఇసుకలో చేపలు మా వైపు శెనగకాయలు ఆరబోసినట్టే ఆరబోశారు. పెదనాయన పైగుడ్డ ముక్కుకు చుట్టుకున్నాడు. ఇంట్లో వేట కోస్తే తలకాయ కూర ఎవరికీ మిగల్చని మనిషి, ఆ ఒక్క సాయంత్రం పరమ సాత్వికుడైపోయాడు.

అక్క ఇల్లు కొబ్బరిచెట్ల మధ్య పెంకుటిల్లు. మేము పోయేసరికి ఆమె వాకిట్లో గొంతుక్కూర్చొని, చేపల బుట్ట దించిన ఒక బెస్తావిడతో తుళు భాషలో బేరం చేస్తోంది. ఎముకల గూడు ఎక్కడా లేదు. అక్క నల్లబడింది, ఒళ్ళు చేసింది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపడింది గానీ బేరం మాత్రం వదల్లేదు. బుట్టామె ఏదో అన్నది, అక్క ఇంకేదో అన్నది, ఇద్దరూ పెద్దగా నవ్వుకున్నారు. ఆ తర్వాతే ఆమె లేచి వచ్చి పెద్దమ్మను పట్టుకుంది.

కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాం. బావి గట్టు మీది నుంచి వంగితే చెంబుకు అందేటంత దగ్గరలో నీళ్ళు ఉన్నాయి. అక్క తోడిచ్చింది. పెదనాయన పుక్కిలించి చూశాడు. తియ్యగా ఉన్నాయి. మా ఊరి బావికి ఎంత తాడు కావాలో తెలిసిన మనిషి గనుక, ఆయన చాలాసేపు బావిలోకి చూస్తూ నిలబడ్డాడు. కూజాల్లో నీళ్ళు పెద్దమ్మ తీసుకుపోయి కొబ్బరిచెట్టు మొదట్లో పోసేసింది.

శుభవార్త ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాడు. ఎవరూ దండం పెట్టలేదు. బావ, ఆయన మామూలుగానే తక్కువ మాట్లాడతాడు, మజ్జిగ పోసుకొని చేయి కడుక్కున్నాడు. అక్క, ముందు ఊరు చూడండి, అలసిపోయి వచ్చారు అన్నది. సంతోషంతో వాళ్ళకు మాట పెగల్లేదని పడుకొనేముందు పెదనాయన నాకు వివరించాడు.

మర్నాడు ఉదయం బావ మమ్మల్ని సముద్రానికి తీసుకుపోయాడు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు ఏమనిపించిందో చాలామంది రాస్తారు. నాకు మాత్రం ఇంత చోటు ఎవరూ సాగు చేయకుండా వదిలేశారే అనిపించింది. పెదనాయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని అటూ ఇటూ చూసి, మా చిత్రావతి చెరువు నిండినప్పుడు ఇట్లాగే ఉంటుందన్నాడు. బావ మర్యాదస్తుడు, అవునన్నాడు.

ఒడ్డున రంపణి వల లాగుతున్నారు. అరమైలు పొడవు వలను పడవల మీద సముద్రంలో చుట్టూ వేసి, రెండు కొసలనూ ఒడ్డు నుంచి గుంపులు గుంపులుగా జనం లాగుతారు. పల్లెపల్లెంతా వచ్చి తాడు పట్టింది. మాతో వచ్చిన అక్క కూడా పోయి వాళ్ళలో కలిసింది. పెదనాయన గట్టు మీద నిలబడి, ఎడమ కొస వాళ్ళు వెనకబడ్డారనీ, కాళ్ళు ఇంకా తన్నిపట్టి లాగాలనీ, మా వైపు కన్నడంలో కేకలు వెయ్యసాగాడు. గుంపు పెద్ద, నెరసిన గడ్డం ఆయన, ఒకసారి తిరిగి చూశాడు. మరోసారి చూశాడు. తర్వాత తాడు వదలకుండానే, చెప్పేవాళ్ళు వచ్చి పట్టుకోవచ్చు, పట్టుకోనివాళ్ళు ఊరికే చూడొచ్చు, రెండూ ఒకేసారి కుదరవని నెమ్మదిగా చెప్పాడు.

పెదనాయన పంచె ఎగగట్టుకొని ఆలోచిస్తున్నాడు. అంతలో పెద్దమ్మ చెప్పులు విడిచి, కొంగు బిగించి, పోయి అక్క పక్కన తాడు పట్టుకుంది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి కొట్టాయి. ఒకసారి పడింది. పక్కనున్న బెస్త ఆడవాళ్ళు రెక్క పట్టి లేపారు. వాళ్ళ పాట ఆమెకు తెలియదు గనుక, ప్రతి గుంజుకూ మా వైపు వడ్లు దంచేటప్పుడు అనే హూంకారం వేసింది. దానికి ఆ గుంపంతా నవ్వి, తర్వాత వాళ్ళూ అదే వేశారు. వల ఒడ్డెక్కేసరికి గంటపైనే పట్టింది. అందులో వెండిముద్దల మాదిరి ఎగిరిపడే బంగుడె చేపలు. లాగినవాళ్ళందరికీ ఇచ్చినట్టే పెద్దమ్మ కొంగులోనూ రెండు దోసిళ్ళు పోశారు. ఇంట్లో చేప అన్న మాట వింటే పసుపునీళ్ళు చల్లే మనిషి, ఆ కొంగును గుండెకు అదుముకొని ఇల్లు చేరింది.

ఆ కూరలో కొబ్బరి, ఎండుమిరపకాయ, పులుపుకు ఏదో కాయ వేశారు. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. పెద్దమ్మ ముళ్ళు తీయడం ఒక్క పూటలో నేర్చింది. పెదనాయన పెరుగన్నంతో, అమరవీరుడి మాదిరి, గోడ వైపు తిరిగి కూర్చొని తిన్నాడు.

మూడో రోజు దీవికి పోయాం. మల్పెకు ఎదురుగా సముద్రంలో ఒక చిన్న దీవి ఉంది. అక్కడి రాళ్ళు చూడవలసినవని బావ చెప్పాడు. పడవ దగ్గర పెదనాయనకు హఠాత్తుగా నీటి గండం గుర్తొచ్చింది, జాతకంలో ఉందట. బాగేపల్లిలో అన్నేళ్ళు ఆ గండం సంగతి ఎత్తవలసిన అవసరం ఆయనకు రాలేదు. పెద్దమ్మ ఎక్కి కూర్చున్నాక ఆయనకు ఎక్కక తప్పలేదు. దారిపొడుగునా పడవ మధ్య అడ్డకర్రను రెండు చేతులతో పట్టుకొని, కాళ్ళ దగ్గర చేరిన నీళ్ళను తప్ప మరి దేన్నీ చూడలేదు.

దీవి మీద ఇసుక తక్కువ, గవ్వలు ఎక్కువ. కొన్ని కొబ్బరిచెట్లు. రాళ్ళు మాత్రం చెక్కి నిలబెట్టిన కంబాల మాదిరి, ఒకదాని పక్కన ఒకటి, పలకలు తీరి ఉన్నాయి. ఎవరూ చెక్కలేదట, భూమిలోంచి అట్లాగే వచ్చాయట. ఎవరో పరంగి నావికుడు మొదట ఇక్కడ దిగి, దీనికి తన దేవత పేరు పెట్టి పోయాడని బావ చెప్పాడు. అడగకుండా వచ్చి పేరు పెట్టి పోయేవాళ్ళు అప్పుడూ ఉన్నారన్నమాట.

పడవవాడు, మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతానని చెప్పి వలకు పోయాడు. అందరమూ ఒక రాతి నీడన కూర్చున్నాం. అక్క కొబ్బరిబోండాలు కొట్టి ఇచ్చింది. అప్పుడు పెదనాయన గొంతు సవరించుకొని, తనతో తెచ్చిన రెండో సంగతి బయటపెట్టాడు. అది నాకూ అప్పుడే తెలిసింది.

అక్కాబావలకు పిల్లలు లేరు. పెళ్ళయి పన్నెండేళ్ళు. బావకు చిక్కబళ్ళాపురం దగ్గర చెరువు కింద మంచి మడి ఉంది. పెదనాయన కూతురికి నలుగురు కొడుకులు. మూడోవాణ్ణి అక్క దత్తు తీసుకోవాలని ఆయన ఆలోచన. వర్గ అయిన వెంటనే ముహూర్తం పెట్టుకోవచ్చు. పురోహితుడితో మాట్లాడి ఉంచాడు. అందుకే ఈ పెద్దమనిషి, ఈ నెయ్యి డబ్బా, ఈ ప్రయాణం. ఆయన చెప్పడం మాత్రం, ఎండిపోతున్న చెట్టుకు నీళ్ళు పోస్తున్నట్టు చెప్పాడు.

అక్క వింటూ బోండాలోంచి మీగడ గీస్తూనే ఉంది. ఆయన ఆపాక తల ఎత్తింది.

"పెదనాయనా, ఈ ఊర్లో నన్ను పిల్లలెంతమంది అని ఒక తూరి అడిగినారు. లేరంటి. సరేలే అని చేప బేరానికి వచ్చినారు. రెండో తూరి ఎవురూ అడగలా. మన ఊర్లో పదేండ్లూ అదే మాట. సీమంతాలకు పిలవరు, పిలిస్తే వెనక గోడకు కూచోబెడతారు. నేను రాను."

"నీ మేలు కోరే చెప్తాండానమ్మా," అన్నాడు పెదనాయన.

"బిడ్డను పెంచుకోవాలనిపిస్తే మేమే చూసుకుంటాం. మడిని చూసి వచ్చే బిడ్డ మాకొద్దు."

పెదనాయన బావ వైపు తిరిగాడు. మగవాడితో మాట్లాడితే పని జరుగుతుందని ఆయన నమ్మకం. బావ పంచె మీది ఇసుక దులుపుకొని, వర్గ సంగతి తనకు పది రోజుల ముందే తెలిసిందన్నాడు. పై ఆఫీసరు దగ్గరకు పోయి కట్ట పని ముగిసేదాకా ఇక్కడే ఉంటానని అడిగాడట. ఈ వానల ఊరికి రమ్మంటే ఎవరూ రారు గనుక, ఉంటానని వచ్చి అడిగినవాణ్ణి ఆ ఆఫీసరు అప్పటికప్పుడే కుర్చీ వేసి కూర్చోబెట్టాడట. వర్గ రద్దయింది. నిన్నా మొన్నా చెప్పకపోవడానికి కారణం, దూరం నుంచి వచ్చినవాళ్ళు ఊరు చూసే సంతోషం చెడుతుందని.

ఇంట్లో అయితే ఇటువంటి చోట పెదనాయన లేచి వీధిలోకి పోయేవాడు. పోతే ఎవరో ఒకరు వెంటబడి బతిమాలి తీసుకొచ్చేవారు. ఆ దీవి మీద పోవడానికి వీధి లేదు. లేచాడు, పది అడుగులు నడిచాడు, నీళ్ళొచ్చాయి. ఇటు తిరిగాడు, ఇటూ నీళ్ళే. తిరిగొచ్చి కూర్చొని పెద్దమ్మతో, నువ్వన్నా ఒక మాట చెప్పవే అన్నాడు.

అక్కకు తాయెత్తులు కట్టినది, గడిదం దేవుడికి మొక్కులు మొక్కించినది, ఉపవాసాలు పెట్టించినది పెద్దమ్మే. నాకు బాగా గుర్తు. అక్కకూ గుర్తుండే ఉంటుంది. పెద్దమ్మ ఒళ్ళో ఏరుకున్న గవ్వలు ఉన్నాయి. వాటిని ఒకటొకటిగా కింద పెట్టింది.

"దానికి నేను చెప్పినవే ఎక్కువైనాయి," అన్నది. "ఇంక చెప్పను."

పడవ ఎప్పుడు వస్తుందా అని అంతగా ఎదురుచూసిన మధ్యాహ్నం నా జీవితంలో మరొకటి లేదు. ఎవరూ ఎక్కడికీ పోలేక, ఎవరి మొహమూ చూడలేక, చుట్టూ ఉన్న ఆ గొప్ప రాళ్ళను అందరమూ తెగ మెచ్చుకున్నాం. ఒక్కొక్క రాతికీ ఎన్ని పలకలున్నాయో నేను లెక్కపెట్టాను. దీవిని చూడబోయేవాళ్ళు సరదాగా చూసి రండి, కుటుంబ విషయాలు మాత్రం ఒడ్డునే ముగించుకోండి.

మర్నాడు మా తిరుగు ప్రయాణం. పొద్దున్నే సామాన్లు వాకిట్లో పెట్టాం. పెద్దమ్మ పెట్టె అందులో లేదు. అడిగితే, ఈ ఇసకలో నడిస్తే తన మోకాళ్ళ నొప్పులు తగ్గాయనీ, నెల రోజులు ఇక్కడే ఉంటాననీ అన్నది. ఇంట్లో వంటో అన్నాడు పెదనాయన. కోడలుంది గదా అన్నది. జనం ఏమనుకుంటారో అన్నాడు.

"ఏమన్నా అనుకోనీ. నేను ఈడుండా గదా, నాకు యాడ వినపడతాది?"

అక్క ఆమె వెనక నిలబడి ఉంది. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. పెద్దమ్మ చేతిలోని చెంబు మాత్రం అందుకొని లోపల పెట్టింది. వాళ్ళిద్దరి మధ్య ఏ మాటలు జరిగాయో నేను అడగలేదు.

ఉడుపిలో బస్సుకు వ్యవధి ఉంటే, నేను మూడు హోటళ్ళలో దోసె తిని చూశాను. దోసె మంచిదే. ఒప్పుకోక తప్పదు. సాంబారులో బెల్లం మూడు చోట్లా ఉంది. ఘాటు ఎక్కేటప్పుడు పెదనాయనకు ముందు సీటే దొరికింది, అయినా కళ్ళు మూసుకొనే కూర్చున్నాడు. ఆగుంబెలో జనం పొద్దు కుంకడం చూడటానికి నిలబడ్డారు. ఎర్రటి గుండు దూరంగా సముద్రంలో దిగిపోయింది, అందరూ ఆహా అన్నారు. ఆయన బండి దిగలేదు.

శివమొగ్గ బండిలో నోరు విప్పాడు. పక్కనున్న తుమకూరు రైతు ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగితే, డాక్టరు సముద్రపు గాలి రాసిచ్చాడు గనుక భార్యను మల్పెలో దించి వస్తున్నానని చెప్పాడు. బెంగళూరులో కాఫీ తాగుతూ ఇంకొకరికి, తన అల్లుడు కడుతున్న రేవుకట్ట దేశానికి అవసరం గనుక అతనికి వచ్చిన వర్గను తానే రద్దు చేయించానని చెప్పాడు. బాగేపల్లి బస్సు యలహంక దాటేసరికి, సముద్రం మధ్య దీవి మీద దూరదృష్టితో ఒక నిర్ణయం తీసుకున్న మనిషి అయిపోయాడు. నేను ఖండించలేదు. ఊరికి చేరేలోగా ఆయనకు తొడుక్కోవడానికి ఏదో ఒకటి కావాలి గదా.

మల్పె పోదలచినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. చలికాలంలో పోండి. నీళ్ళు మోసుకుపోవద్దు. అక్కడివాళ్ళ కోసం ఇంట్లో కూర్చొని చేసిన తీర్మానాలు కూడా మోసుకుపోవద్దు, ఘాటులో బరువు. సముద్రం చెప్పినదానికంటే పెద్దది. చేప, వాసన వచ్చినంత చెడ్డది కాదు. ఉడుపివాళ్ళ కాఫీ మాత్రం నా కాఫీకంటే బాగుండదు.

చిక్కబళ్ళాపురంలో బస్సు కాసేపు ఆగింది. పెదనాయన జామకాయలు కొన్నాడు, అలవాటుగా పెద్దమ్మ వంతు కూడా కలిపి కొన్నాడు. బస్సు కదిలి పేరేసంద్ర దాకా వచ్చింది. ఆ మెట్ట చేలూ గుట్టలూ చూస్తూ, ఉన్నట్టుండి నన్ను అడిగాడు.

"శీనా, ఆ తుళు మాటలు మీ పెద్దమ్మకు వస్తాయంటావా?"

నెల రోజులుంటే వచ్చేస్తాయి, అక్క నేర్చుకొని అక్కడే ఉండిపోలేదా అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"నిదానంగా నేర్చుకుంటే బాగుండు," అన్నాడు.